వారానికోసారి ఐదు నిమిషాల స్టార్టు: ఆ సలహాను సవరించాలి

సంపాదకులు గారికి,

నమస్కారాలు. చలి దేశాల్లో ఉంటున్న మన వారిని ఉద్దేశించి, చలికాలమంతా గ్యారేజీలో నిలిపి ఉంచిన స్పోర్ట్స్ కార్లు వసంతంలో బయటికి తీసేసరికి ఆయిల్ ఎందుకు కారుస్తాయో వివరిస్తూ గత ఆదివారం మీ అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. ఇలాంటి విషయాలు తెలుగులో రాసేవారే అరుదు కాబట్టి ముందుగా రచయితకు నా కృతజ్ఞతలు. అయితే అందులో రెండు మాటలు సరికావు. చలికి ఇంజిన్ ఆయిల్ కొబ్బరి నూనెలా గడ్డకట్టి, ఉబ్బి, ఆయిల్ బయటికి కారకుండా అడ్డుకునే రబ్బరు సీళ్ళను తోసేస్తుందన్నది మొదటిది. అలా కాకుండా ఉండాలంటే వారానికోసారి ఇంజిన్ స్టార్టు చేసి, ఐదు నిమిషాలు నడవనిచ్చి ఆపెయ్యాలన్నది రెండవది. మొదటిది వట్టి పొరపాటు, దానివల్ల ఎవరికీ నష్టం లేదు. రెండవ మాట నమ్మి నేను రెండు చలికాలాలు పాటించాను, దాని ఖరీదు కూడా చెల్లించాను, అందుకే ఈ ఉత్తరం.

నేను పద్దెనిమిదేళ్ళుగా మిషిగన్ రాష్ట్రంలోని ట్రాయ్‌లో ఉంటున్నాను. వృత్తి రీత్యా వాహనాల బ్రేకులను పరీక్షించే ఇంజినీరును కాబట్టి ఇంజిన్ సీళ్ళ విషయంలో నన్ను నేను నిపుణుడినని చెప్పుకోలేను. కాకపోతే విజయవాడ ఆటోనగర్‌లో మా మేనమామకు లారీ ఇంజిన్ల షెడ్డు ఉండేది, చిన్నప్పుడు సెలవులన్నీ అక్కడే గడిచాయి. క్రాంక్ సీల్, ఛాంబర్ ప్యాకింగ్, టాపెట్ కవర్ ప్యాకింగ్ అన్న మాటలు నాకు కాలేజీలో కన్నా ముందు ఆ షెడ్డులోనే పరిచయం. అంత పరిచయం ఉండి కూడా మోసపోయానంటే, ఈ సలహా వినడానికి ఎంత సబబుగా ఉంటుందో పాఠకులు గ్రహించవచ్చు.

ఇక్కడ ఈ కార్లను దాచడం ఎందుకో తెలియని వారికి ఒక్క మాట. నవంబరు నుంచి మార్చి దాకా మా రోడ్ల మీద మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు. డెట్రాయిట్ నగరం కిందే పెద్ద ఉప్పు గని ఉంది కూడా. ఆ ఉప్పు నీరు కారు అడుగు భాగాన్ని తినేస్తుంది. పైగా స్పోర్ట్స్ కార్లకు వేసే వేసవి టైర్లు ఉష్ణోగ్రత 7 డిగ్రీల కన్నా దిగితే గట్టిపడి రోడ్డును పట్టుకోవు. అందుచేత వాటిని ఏడాదిలో నాలుగైదు నెలలు ముసుగు కప్పి గ్యారేజీలో ఉంచడం ఇక్కడ మామూలే. జర్మనీలో అయితే ఏ నెల నుంచి ఏ నెల దాకా ఆ కారు రోడ్డెక్కవచ్చో నంబర్ ప్లేటు మీదే అచ్చు వేసే పద్ధతి 1997 నుంచి ఉంది. ఆ నెలలకు మాత్రమే పన్నూ బీమా కడతారు. దాచడం మంచిదే. దాచే తీరులోనే తేడా.

ముందు ఆయిల్ గడ్డకట్టడం సంగతి. కొబ్బరి నూనె 24 డిగ్రీల దగ్గరే పేరుకుంటుంది కాబట్టి హైదరాబాదు చలికే సీసాలో గడ్డ కడుతుంది. ఇంజిన్ ఆయిల్‌ను దానితో పోల్చడం తగదు. ఈ కార్లలో సాధారణంగా పోసే 0డబ్ల్యు రకం ఆయిల్ మైనస్ 35 డిగ్రీల దగ్గర ఇంజిన్‌ను తిరగనిచ్చేంత పలచగా, మైనస్ 40 దగ్గర పంపు లాగగలిగేటట్లు ఉండాలన్నది దాని ప్రమాణంలోనే ఉన్న షరతు. అంతేకాక ఆయిల్ చల్లబడితే ఉబ్బదు, కుంచించుకుపోతుంది. గడ్డకట్టేటప్పుడు ఉబ్బేది నీరు. ఈ తేడా గుర్తుంచుకోవాలి, ఎందుకంటే నా కథలో అసలు దొంగ ఆ నీరే.

చలికి మారేది ఆయిల్ కాదు, రబ్బరు. మన ఇళ్ళలో ప్రెషర్ కుక్కర్ గ్యాస్కెట్ చూడండి. రోజూ వాడుతున్నంత కాలం మెత్తగా ఉంటుంది. అదే కుక్కర్‌ను అటక మీద పెట్టి ఆరు నెలల తర్వాత దించితే గ్యాస్కెట్ బిర్రబిగిసి, మూత అంచు అచ్చు దాని మీద పడి ఉంటుంది, మొదటి రోజు ఆవిరి పక్కనుంచి తన్నుకొస్తుంది, రెండు మూడు సార్లు వేడి తగిలాక మళ్ళీ దారిలోకి వస్తుంది. ఇంజిన్‌లో తిరిగే క్రాంక్ షాఫ్టు బయటికి వచ్చేచోట దాని చుట్టూ ఉండే క్రాంక్ సీల్ పనితీరు కూడా ఇంచుమించు ఇంతే. దాని పెదవిని ఒక సన్నని స్ప్రింగు చుట్టూ పట్టి షాఫ్టుకు అదిమి ఉంచుతుంది, పెదవికీ షాఫ్టుకూ మధ్య కంటికి కనిపించనంత పలచని ఆయిల్ పొర ఉంటుంది, ఇంజిన్ తిరుగుతున్నంతసేపూ ఆ పొర తనను తాను నింపుకుంటుంది. అయిదు నెలలు తిరగకపోతే పొర ఆరిపోతుంది, పెదవి ఒకే భంగిమలో అదిమి ఉండి ఆ ఆకారానికే అలవాటు పడుతుంది, చలికి సాగే గుణం కూడా తగ్గుతుంది. ఏప్రిల్‌లో ఇంజిన్ స్టార్టు చేసిన మొదటి రోజు నాలుగు చుక్కలు పడ్డాయంటే వింతేమీ లేదు. రబ్బరు వేడెక్కి, ఆయిల్ తాగి, రెండు మూడు దూర ప్రయాణాలు అయ్యేసరికి చాలాసార్లు అవి వాటంతటవే ఆగిపోతాయి. ఈ మాట మీ వ్యాసంలో లేకపోవడం నన్ను బాధించింది, ఎందుకంటే కంగారుపడిన వారి జేబుకు చిల్లు పడేది ఇక్కడే.

నా కారు పాతికేళ్ళ నాటిది, రెండు సీట్లది, ఇంజిన్ సీట్ల వెనకాల ఉంటుంది. కొన్న మొదటి చలికాలం, పక్కింటి పెద్దాయన చెప్పాడు కదా అని, ప్రతి ఆదివారం ఉదయం కాఫీ కప్పు చేత్తో పట్టుకుని వెళ్ళి స్టార్టు చేసేవాణ్ణి. ఐదు నిమిషాలు ఆ ఇంజిన్ చప్పుడు వినడం, ఆపడం, మళ్ళీ ముసుగు కప్పడం. నిజం చెప్పాలంటే అందులో జాగ్రత్త కన్నా సరదాయే ఎక్కువ. ఏప్రిల్ రెండో వారంలో కారు బయటికి తీస్తే సిమెంటు గచ్చు మీద అరచేతి వెడల్పున నల్లని మరక కనిపించింది. ఇంజిన్‌కూ గేర్ బాక్సుకూ అతుకు ఉన్నచోట అడుగున చుక్క వేలాడుతోంది. మరమ్మతు షెడ్డుకు తీసుకెళ్తే చూసిన పది నిమిషాల్లోనే వెనక క్రాంక్ సీల్ పోయిందని, గేర్ బాక్సు దింపాలని, 2,200 డాలర్లు అవుతుందని చెప్పారు. సీల్ ఖరీదు యాభై డాలర్లకు లోపే, మిగతాదంతా దింపి ఎక్కించే కూలి. సరేనన్నాను. మరుసటి చలికాలమూ ఆదివారాలు యథాప్రకారం గడిచాయి, మరుసటి ఏప్రిల్‌లో మరకా యథాప్రకారం పడింది, అదే చోట.

ఆ రాత్రి మామయ్యకు ఫోన్ చేశాను. ఆయన షెడ్డు మూసేసి చాలా ఏళ్ళయింది, చెవులు సరిగా వినిపించవు. అంతా విని, "కొత్త సీల్ ఏడాదికే ఎందుకు పోతుందిరా? లోపల గాలి ఎక్కడో బిగిసింది, బ్రీదర్ చూశారా?" అని అడిగారు. బ్రీదర్ అంటే ఇంజిన్ లోపల చేరే పొగను బయటికి వదిలే గొట్టం. చూడలేదని చెప్పడానికి నాకు సిగ్గు వేసింది. ఇంజినీరింగ్ చదివిన నాకు గాని, డబ్బు తీసుకున్న వారికి గాని తట్టని ప్రశ్న అది.

ఈసారి వేరే మెకానిక్ దగ్గరికి వెళ్ళాను. ఒంటరిగా షెడ్డు నడుపుకునే ముసలాయన. ఆయన కారును పైకి ఎత్తనైనా ఎత్తలేదు. ఇంజిన్ స్టార్టు చేయించి, ఆయిల్ పోసే మూత తీసి, ఆ రంధ్రం మీద ఒక కాగితం ముక్క పరిచాడు. ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్ అయితే లోపల కొద్దిపాటి శూన్యం ఉండి కాగితాన్ని లోపలికి లాగి పట్టుకుంటుంది. నా కారులో కాగితం టపటపా కొట్టుకుని ఎగిరి పక్కన పడింది. తర్వాత మూతను తిప్పి చూపించాడు. లోపలి వైపంతా కాఫీ మీద మీగడ లాంటి జిగట పదార్థం, వేలితో తీస్తే వచ్చేంత మందాన. బ్రీదర్ గొట్టం ఊడదీస్తే దాని మెడలో కూడా అదే పేరుకుని ఉంది. ఆయిల్, నీరు చిలికితే వచ్చే వెన్న అది.

ఆ నీరు ఎక్కడిదంటే, నా ఆదివారాల పుణ్యమే. ఒక లీటరు పెట్రోలు పూర్తిగా మండితే రమారమి ఒక లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. అందులో ఎక్కువ భాగం సైలెన్సర్ గుండా పోతుంది గాని కొంత పొగ పిస్టన్ రింగుల పక్కనుంచి కిందికి, క్రాంక్ షాఫ్టు తిరిగే అడుగు గదిలోకి, అంటే క్రాంక్ కేసులోకి జారుతుంది. చల్లని ఇంజిన్‌లో పిస్టన్‌కూ గోడకూ సందు ఎక్కువ, పెట్రోలు కూడా అవసరానికి మించి పడుతుంది, కాబట్టి ఆ జారడమూ ఎక్కువే. రోడ్డు మీద అరగంట నడిపితే ఆయిల్ వేడెక్కి ఆ తేమనంతా ఆవిరి చేసి బ్రీదర్ ద్వారా బయటికి పంపిస్తుంది. మైనస్ 10 డిగ్రీల గ్యారేజీలో ఐదు నిమిషాలు నిలబెట్టి నడిపితే ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం (కూలెంట్) గోరువెచ్చన అవుతుందేమో గాని ఆయిల్ కాదు. పుట్టిన నీరు పుట్టినట్లే లోపల నిలిచి, కాలని పెట్రోలుతోనూ ఆమ్లాలతోనూ కలిసి ఆయిల్‌ను పాడుచేస్తుంది, బ్రీదర్ గొట్టంలో చేరి గడ్డకడుతుంది. వచ్చే ఆదివారం మళ్ళీ స్టార్టు చేసినప్పుడు క్రాంక్ కేసులోని పొగకు దారి మూసుకుని ఉంటుంది, ఒత్తిడి పెరుగుతుంది, పెరిగిన ఒత్తిడి అన్నిటికన్నా బలహీనమైన చోటును వెతుక్కుంటుంది. చలికి అప్పటికే బిగుసుకుని ఉన్న సీల్ పెదవి కన్నా బలహీనమైన చోటు ఇంకేముంటుంది? నేను డబ్బు పోసి మార్పించిన సీల్ మంచిదే. అది కారేలా చేసింది నేనే.

బ్రీదర్ శుభ్రం చేసి, ఆయిల్ మార్చి, ఆ ముసలాయన తీసుకున్నది 240 డాలర్లు. సీల్ జోలికి పోలేదు. రెండు వందల మైళ్ళు తిరిగాక చుక్క ఆగిపోయింది.

మీ వ్యాసంలో బ్యాటరీ కోసం కూడా వారానికో స్టార్టు అవసరమని రాశారు. చలిలో స్టార్టు చేయడానికి బ్యాటరీ నుంచి లాగిన కరెంటును ఐదు నిమిషాల ఐడిలింగ్ (కారును నిలబెట్టి ఇంజిన్ నడపడం) తిరిగి ఇవ్వదు, అందుచేత వారం వారం బ్యాటరీ దిగజారుతూనే పోతుంది. గోడ ప్లగ్గుకు తగిలించే చిన్న మెయింటైనర్ ఛార్జరు ఆ పని నిశ్శబ్దంగా చేస్తుంది.

ఇంతవరకూ డబ్బు సంగతి. ప్రాణం సంగతి వేరు. ఇక్కడి ఇళ్ళకు గ్యారేజీ ఇంటిని అంటుకునే ఉంటుంది, వంటింట్లోకో హాల్లోకో తలుపు ఉంటుంది, చాలా ఇళ్ళలో దాని పైనే పడకగది. అందులో ఇంజిన్ నడిపితే వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. చల్లని ఇంజిన్ దాన్ని మరింత ఎక్కువగా వదులుతుంది. గ్యారేజీ షట్టరు తెరిచి ఉన్నా అది ఇంట్లోకి చేరవచ్చు. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రాల లెక్క ప్రకారం అగ్నిప్రమాదాలతో సంబంధం లేని కార్బన్ మోనాక్సైడ్ విషప్రభావంతో ఈ దేశంలో ఏటా 400 మందికి పైగా ప్రమాదవశాత్తూ చనిపోతున్నారు. అందరూ కార్ల వల్లనే పోయారని నేను అనడం లేదు. కానీ చలికాలం ఆదివారం పూట, పిల్లలు ఇంట్లో ఉండగా, గ్యారేజీలో కారు స్టార్టు చేసి వదిలేయమని లక్షల మంది చదివే పత్రికలో అచ్చు వేయవలసింది కాదు. నేను రెండేళ్ళు చేశాను. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

వ్యాసంలో ప్రస్తావించని మరో సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే దీనికీ లీకుకూ సంబంధం ఉంది. కొన్ని స్పోర్ట్స్ కార్లలో ఆయిల్ ఇంజిన్ అడుగు ఛాంబర్‌లో కాక వేరే ట్యాంకులో ఉంటుంది. 1998 దాకా వచ్చిన, గాలితో చల్లబడే ఇంజిన్ల పోర్షే 911 అలాంటిదే. నెలల తరబడి నిలిపి ఉంచితే ట్యాంకులోని ఆయిల్ కొద్దికొద్దిగా పంపును దాటి ఇంజిన్ అడుగుకు దిగుతుంది. పైగా ఆ ఇంజిన్‌లో సిలిండర్లు పడుకుని ఉంటాయి కాబట్టి కొంత ఆయిల్ పిస్టన్ రింగులను దాటి లోపలికి చేరి, మొదటి స్టార్టుకు నీలం పొగ మేఘంలా వస్తుంది. వసంతంలో ఆయిల్ మట్టం చూసే పుల్ల (డిప్‌స్టిక్) తీసి చూసిన యజమాని ఆయిల్ అంతా కారిపోయిందనుకుని రెండు లీటర్లు పోస్తాడు. ఇంజిన్ నడిచాక పాత ఆయిల్ ట్యాంకుకు తిరిగి వస్తుంది, ఎక్కువైనది బ్రీదర్ గుండా పొంగి నానా చోట్లా కారుతుంది. ఆ కారులో ఆయిల్ మట్టాన్ని ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక, చదునైన చోట నిలిపి, ఐడిలింగ్‌లో ఉండగానే చూడాలి. చూడకుండా పోసిన ఆయిల్ వల్ల వచ్చే లీకులు సీల్ పోయి వచ్చే లీకులకు తీసిపోవు.

మరి లీకు కనిపిస్తే ఏం చేయాలన్న ప్రశ్నకు నాకు తెలిసిన సమాధానం ఆటోనగర్‌లో నేర్చుకున్నదే. ముందు అది ఏమిటో చూడాలి. కారు కింద ఒక తెల్లని అట్టముక్క రాత్రంతా పరిచి ఉంచితే తేనె రంగులోనో నల్లగానో ఉన్నది ఇంజిన్ ఆయిల్, ఎర్రనిది ఆటోమేటిక్ గేర్ బాక్సుదో స్టీరింగ్‌దో, పచ్చగానో నారింజ రంగులోనో నీళ్ళలా ఉండి తియ్యని వాసన వేస్తే కూలెంట్, గంధకం కంపు కొడితే గేర్ ఆయిల్. ఇంజిన్, గేర్ బాక్సు అతుకు దగ్గర పడే చుక్క క్రాంక్ సీల్‌దే కానక్కర్లేదు, పైన టాపెట్ కవర్ ప్యాకింగ్ దగ్గర పుట్టి ఒళ్ళంతా పాకి వచ్చినది కావచ్చు. కాబట్టి ఇంజిన్‌ను శుభ్రంగా తుడిచి, యాభై మైళ్ళు తిరిగి, తడి కనిపించిన వాటిలో అన్నిటికన్నా ఎత్తైన చోటును పట్టుకోవాలి. దొరకకపోతే ఆయిల్‌లో కలిపి అతినీలలోహిత దీపం కింద చూసే రంగు కూడా దొరుకుతుంది. ఇవేవీ చేయకుండా గేర్ బాక్సు దింపుదామన్న వారికి తాళాలు ఇవ్వకండి. ఒక్క సందర్భంలో మాత్రం ఆగకూడదు. ఆయిల్ వేడి ఎగ్జాస్టు గొట్టం మీద పడుతుంటే, కమురు వాసన వస్తుంటే, మట్టం రోజురోజుకూ తగ్గుతుంటే కారును కదిలించకుండా ట్రక్కు మీద పంపించాలి, ఎందుకంటే అది నిప్పుతో పని. ఇక సీళ్ళను ఉబ్బించి లీకు ఆపుతామని అమ్మే సీసా మందుల మీద నాకు గురి లేదు. ముసలి ఇంజిన్‌కు కొన్నాళ్ళు ఊరటనిస్తాయేమో గాని బ్రీదర్ మూసుకుపోతే ఏ మందూ పనిచేయదు.

దాచే ముందు నేను ఇప్పుడు చేస్తున్నది కూడా చెప్పి ముగిస్తాను. నవంబరు మొదటి వారంలో ఆయిల్ మారుస్తాను. చాలా మంది వసంతంలో మారుస్తారు, కానీ వాడిన ఆయిల్‌లోని నీరూ ఆమ్లాలూ ఇంజిన్ లోపల అయిదు నెలలు ఊరడం మంచిది కాదు. మార్చాక ముప్పై మైళ్ళు నడిపి, వేడి మీదనే తెచ్చి ఆపి, ట్యాంకు నిండా పెట్రోలు, దానిలో పెట్రోలు చెడిపోకుండా ఉంచే స్టెబిలైజరు పోసి, టైర్లలో గాలి కొంచెం పెంచి, ఛార్జరు తగిలించి ముసుగు కప్పేస్తాను. ఏప్రిల్ దాకా తాళం చెవి కూడా కనబడనివ్వను. తీసిన పాత ఆయిల్‌ను విడిభాగాల దుకాణంలో ఇచ్చేస్తాను. ఒక్క ఆయిల్ మార్పులో వచ్చే వాడిన ఆయిల్ పది లక్షల గ్యాలన్ల మంచినీటిని పాడుచేయగలదని ఇక్కడి పర్యావరణ సంస్థ చెబుతుంది, మా వీధి కాలువలు చివరికి చేరేది పెద్ద సరస్సుల్లోకే.

ఈ సలహా మన ఊళ్ళలో కూడా బాగా చలామణీలో ఉంది కాబట్టి ఒక్క మాట కలుపుతున్నాను. మా దగ్గరికి వచ్చి అయిదారు నెలలు ఉండే తల్లిదండ్రులు హైదరాబాదులోనో గుంటూరులోనో కారును అపార్ట్‌మెంట్ కింద నిలిపి, వారానికోసారి స్టార్టు చేయమని వాచ్‌మన్‌కు తాళం ఇచ్చి వస్తారు. అక్కడ బ్రీదర్ గడ్డకట్టే చలి లేదు, అది అదృష్టం. కానీ నీరు పుట్టడం, ఆయిల్ పాడవడం, బ్యాటరీ దిగడం అక్కడా ఉన్నవే. లైసెన్సు ఉన్న మనిషి ఎవరైనా పదిహేను రోజులకోసారి ఇరవై ముప్పై కిలోమీటర్లు నడిపితే మంచిది. అలాంటి వారు లేకపోతే బ్యాటరీ నెగటివ్ తీగ విప్పించి, కారును దాని మానాన ఉండనివ్వడమే నయం.

దయచేసి రానున్న నవంబరు లోగా, కనీసం గ్యారేజీలో ఇంజిన్ నడపడం గురించిన భాగానికైనా మీ అనుబంధంలో సవరణ ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. నా కారు మొన్న శనివారం బయటికి వచ్చింది. ఆదివారం ఉదయం అట్టముక్క మీద అయిదు చుక్కలు, సోమవారం మూడు, ఈ ఉదయం ఒకటి.

ఇట్లు,
మీ పాఠకుడు,
ట్రాయ్, మిషిగన్